ఉత్తరం ఇంటికి – మూడో పాఠం: గేటుకు తాళం ఉన్న రోజు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? మీ ఇంటి పిన్ కోడూ, మీ అమ్మమ్మ ఊరి పిన్ కోడూ రాసి మొదటి మూడంకెలు పోల్చి చూడమన్నాను. ముందు దాని సంగతి తేల్చేద్దాం. 2016లో జిల్లాలు విడిపోయాక మన వరంగల్ వైపు చాలామంది తడబడేది ఇక్కడే. భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ, ఆ తర్వాత 2019లో ములుగు వేరే జిల్లాలయ్యాయి కానీ ఆ ఊళ్ల పిన్ ఇప్పటికీ పాత వరంగల్ జిల్లా 506తోనే మొదలవుతుంది. కమలాపూర్, ఎల్కతుర్తి పాత కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి హన్మకొండ జిల్లాలో కలిశాయి, పిన్ మాత్రం 505తోనే ఉంది. "హన్మకొండ జిల్లా కదా, 506 ఉండాలె" అని మీరే దిద్దితే ఉత్తరం వేరే దారి పడుతుంది. 1972లో పెట్టిన ఈ ఆరంకెలు ఉత్తరం ఏ పోస్టాఫీసు నుంచి పంచాలో చెబుతాయి. కలెక్టరాఫీసు ఎక్కడికి మారినా వాటికి సంబంధం లేదు.

ఇక ఈ పాఠం, అందుకోవడం గురించి. రాలేదనుకున్న ఉత్తరాల్లో చాలావాటికి చివరి అర కిలోమీటరులోనే చిక్కు వస్తుందని నా అభిప్రాయం. ఊళ్లు దాటి వచ్చిన కవరు మన గేటు దగ్గర ఆగి, తిరిగి పంపినవాళ్ల దగ్గరికే పోతుంది.

మొదట తెలుసుకోవాల్సింది, సంతకం పెట్టి తీసుకునేవి వేరు, గేటులోంచి వేసి వెళ్లేవి వేరు. మామూలు టపాకు నంబరుండదు, ట్రాకింగూ ఉండదు. ఆధార్ ఉత్తరం అలాగే వస్తుంది. దాన్ని పోస్టుమ్యాన్ మెట్ల మీద వేసిపోతే వెతుక్కోవడం మీ వంతు. అందుకే గేటుకు ఒక డబ్బా, డబ్బా మీద ఆ ఇంట్లో ఉండే అందరి ఇంటిపేర్లూ ఉండాలి. అద్దె పోర్షన్లలో ఉండేవాళ్లు ఇది మరీ పట్టించుకోవాలి. హన్మకొండలో కోచింగుకు వచ్చి గదుల్లో ఉండే పిల్లల పేర్లు ఏ బోర్డు మీదా కనిపించవు. కేరాఫ్ అని ఓనరు పేరు, పక్కన మీ ఫోన్ నంబరు రాయించుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఇల్లు దొరక్కపోతే ఫోన్ చేసే పోస్టుమ్యాన్లు మన దగ్గర చాలామందే ఉన్నారు, నంబరు లేకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

స్పీడ్ పోస్టుకు పదమూడు అక్షరాల గుర్తు ఉంటుంది. ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలు (మొదటిది E), మధ్యలో తొమ్మిది అంకెలు, చివర IN. ఆ తొమ్మిదో అంకె ముందున్న ఎనిమిదింటి నుంచి లెక్కగట్టి పెట్టేది, ఎక్కడైనా ఒక అంకె తప్పు పడితే పట్టుకోవడానికి. పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి బయల్దేరాయని మెసేజ్ వస్తే ఈ నంబరును ఎక్కడైనా రాసి పెట్టుకోండి. ఫోన్ పోయినా కాగితం ఉంటుంది.

మీరు ఊళ్లో లేరు, గేటుకు తాళం ఉంది. ట్రాకింగులో "డోర్ లాక్డ్" అని కనిపిస్తుంది. కంగారు అక్కర్లేదు కానీ ఆలస్యం పనికిరాదు. మామూలుగా ఏడు రోజులు పోస్టాఫీసులో ఉంచి, ఎవరూ రాకపోతే పంపినవాళ్లకు తిప్పి పంపేస్తారు. "ఇన్‌సఫిషియెంట్ అడ్రస్" అని ఉంటే ఇల్లు దొరకలేదని, "లెఫ్ట్" అని ఉంటే ఖాళీ చేసి వెళ్లారని ఎవరో చెప్పారని అర్థం. ఇలాంటిది కనిపిస్తే అదే రోజు వెళ్లండి, అప్పటికే తిరుగుటపాలో పడి ఉండొచ్చు.

ఎక్కడికి వెళ్లాలి? మీ ఇంటికి దగ్గరున్న పోస్టాఫీసుకు అనుకుంటే పొరపాటు. అన్ని పోస్టాఫీసులూ టపా పంచవు. కొన్నింట్లో కౌంటరు మాత్రమే ఉంటుంది, స్టాంపులు, సేవింగ్స్, బుకింగ్ వరకే. మీ వీధికి టపా పంచే ఆఫీసు ఏదో మీ పిన్ కోడ్ చెబుతుంది. హన్మకొండకు 506001, వరంగల్‌కు 506002, కాజీపేటకు 506003. యూనివర్సిటీ వైపువాళ్లకు 506009, ఎన్ఐటీ క్యాంపస్‌కు 506004. పొద్దున పోస్టుమ్యాన్లు బీటు (ఒక్కొక్కరు తిరిగే వీధులు) వారీగా ఉత్తరాలు సర్దుకుంటారు. వాళ్లు బయల్దేరకముందే వెళ్లి మీ వీధి బీటు ఎవరిదో అడగండి. గుర్తింపు కార్డు, ఆ పదమూడు అక్షరాల నంబరు చేతిలో ఉండాలి. "నాదొక ఉత్తరం వచ్చిందట" అంటే ఎవరికైనా వెతకడం కష్టమే.

ఊళ్లల్లో పద్ధతి కొంచెం వేరు. బ్రాంచి పోస్టాఫీసు రోజుకు నాలుగైదు గంటలే తెరిచి ఉంటుంది, పైనున్న సబ్ పోస్టాఫీసు నుంచి సంచి వస్తేనే అక్కడ టపా ఉంటుంది. ఏ వేళకు తెరుస్తారో బీపీఎంను (బ్రాంచి పోస్టుమాస్టరును) అడిగి తెలుసుకుంటే ఉత్త తిరుగుడు తప్పుతుంది.

ఎవరి చేతికిస్తారన్నది ఇంకో సంగతి. 2025 అక్టోబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఇప్పుడు స్పీడ్ పోస్టు చిరునామాలో ఉన్నవాళ్లకు ఇచ్చేది. పంపినవాళ్లు 5 రూపాయలు, పైన జీఎస్టీ కట్టి రిజిస్ట్రేషన్ అడిగి ఉంటే మాత్రం పేరున్న మనిషికే, లేదా ఆ మనిషి రాసిచ్చినవాళ్లకే. ఓటీపీ చెబితేనే ఇచ్చే రకమూ ఉంది. పాస్‌పోర్టు అయితే దరఖాస్తు చేసిన మనిషికే ఇస్తారు. గల్ఫ్ పోదామని పాస్‌పోర్టుకు పెట్టిన తమ్ముడు హైదరాబాదులో పనిలో ఉంటే జగిత్యాలలో అమ్మ చేతికి ఇవ్వరు. అది వచ్చే వారం ఇంటి దగ్గర ఉండటమొకటే మార్గం.

మిగతావాటికి ఇలా ఒక కాగితం రాసి ఇంట్లో పెట్టిపోతే పని జరుగుతుంది:

"పోస్టుమాస్టరు గారికి, నా పేరున వచ్చిన స్పీడ్ పోస్టు (నంబరు …) నా తరఫున మా అమ్మ … గారికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఆమె సంతకం కింద ఉంది. నా గుర్తింపు కార్డు నకలు జతచేశాను."

కింద ఇద్దరి సంతకాలూ, తేదీ. నంబరు ముందే తెలియకపోతే ఖాళీ వదిలి, తెలిశాక అమ్మతో రాయించండి.

ఓటీపీ మాటొచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. "మీ పార్సిల్ అడ్రసు సరిగా లేదు, ఈ లింకు నొక్కి సరిచేయండి" అనే మెసేజ్‌లు తపాలా శాఖ పంపేవి కావు, మోసం. ఓటీపీ అన్నది పోస్టుమ్యాన్ కవరు పట్టుకుని మీ ముందు నిలబడ్డప్పుడు చెప్పేది. అనుమానముంటే 1800 266 6868కు ఫోన్ చేసి అడగండి.

ఇప్పుడు ఈ పాఠంలో నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి. బ్యాంకు నోటీసో, భూమి తగాదాలో వకీలు నోటీసో వస్తే "తీసుకోకు, తీసుకుంటే ఇరుక్కుంటవ్" అని సలహా ఇచ్చే పెద్దమనిషి ప్రతి ఊళ్లో ఉంటాడు. ఆ మాట వినకండి. వద్దంటే కవరు మీద "రెఫ్యూజ్డ్" అని రాసి తిప్పి పంపుతారు. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసు అందినట్టే భావించే సూత్రం 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్‌లోనే ఉంది. కావాలని తిప్పి పంపితే కోర్టులు అందినట్టే లెక్కేస్తాయి. అంటే అవతలివాళ్ల పని అయిపోయింది, మీకు మాత్రం లోపలేముందో తెలియదు. జవాబివ్వడానికి పెట్టిన గడువు కూడా మీకు తెలియకుండానే దాటిపోతుంది. సంతకం పెట్టి తీసుకున్నంత మాత్రాన అందులో రాసినదాన్ని ఒప్పుకున్నట్టు కాదు. తీసుకోండి, కవరు మీదే తేదీ రాయండి, కవరు పారేయకుండా నోటీసుతో పాటే వకీలుకు చూపించండి. దాని మీది ముద్రలు కూడా పనికొస్తాయి.

ఇల్లు మారేవాళ్లకు రెండు మాటలు. పాత ఇంటికి టపా పంచే పోస్టాఫీసులో, నా ఉత్తరాలు కొత్త చిరునామాకు మళ్లించండని దరఖాస్తు ఇవ్వొచ్చు. బ్యాంకులోనూ ఆధార్‌లోనూ మార్చుకున్నాం కదా అని ఇది వదిలేస్తారు, ఎల్ఐసీ కాగితాలు మాత్రం పాత గేటుకే వెళ్తుంటాయి. మీ డబ్బాలో వేరేవాళ్ల ఉత్తరం పడితే దాని మీద "ఈ చిరునామాలో లేరు" అని రాసి పోస్టుమ్యాన్‌కు ఇవ్వండి, లేదా పోస్టు డబ్బాలో వేయండి. చించి చూడటం మాత్రం వద్దు.

డిజిపిన్ (ఇల్లు ఎక్కడుందో చూపే డిజిటల్ గుర్తు) గురించి కొందరు అడిగారు. 2025 మేలో తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీతో కలిసి తెచ్చింది. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గడులుగా విడగొట్టి ఒక్కోదానికీ పది అక్షరాల గుర్తు ఇచ్చారు. బాగుంది, కానీ చిరునామా, పిన్ కోడ్ రాయడం మానకండి.

వచ్చే పాఠానికి పని: మీ వీధికి టపా పంచే ఆఫీసు ఏదో, మీ బీటు పోస్టుమ్యాన్ ఏ వేళకు వస్తారో కనుక్కోండి. గేటు డబ్బా మీద పేర్లు రాయండి, అద్దెకుండేవాళ్లవి కూడా. పైన ఇచ్చిన కాగితం ఒకటి రాసి ఇంట్లో ఉంచండి. నాలుగో పాఠంలో పార్సిల్ కట్టడం నేర్చుకుందాం. ఒక అట్టపెట్టె, వెడల్పాటి టేపు, పాత వార్తాపత్రికలు దగ్గర పెట్టుకోండి.