పాత చైనా కుర్చీ కొంటున్నారా? ముందు కాళ్ల దగ్గర చూడండి
మింగ్ రాజవంశ కాలం నాటిదనో, చింగ్ రాజవంశ కాలం నాటిదనో చెప్పి చైనా కుర్చీ అమ్ముతుంటే పైమెరుపు చూసి మురిసిపోకండి. ముందు కాళ్ల మధ్య పాదాలు ఆనించుకునే అడ్డపట్టీ ఉంటుంది, దాని మీద వేలు పెట్టి మెల్లగా జరపండి. తరతరాలు వాడిన పట్టీ పాదాలు ఆనిన చోటే ఎక్కువ అరిగి, వంపు తిరిగి నున్నగా తగులుతుంది. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకేలా అరిగిందంటే నాకైతే శాండ్‌పేపర్ మీదే అనుమానం. తర్వాత కుర్చీని తిరగేయండి. చెక్కలో చెక్క దూర్చి బిగించిన అతుకులు కనిపించాలి. మేకులుంటే ఎవరు, ఎప్పుడు రిపేరు చేశారో అడగండి.

కుర్చీలే కాదు, పాత చైనా కంచు ధూపపాత్రల విషయంలోనూ జాగ్రత్త. అడుగున మింగ్ వంశపు షువాన్‌దె చక్రవర్తి పాలనాకాలపు (1426–35) ముద్ర ఉన్నా నమ్మేయకండి. తర్వాతి శతాబ్దాల్లోనూ ఆ ముద్రను విపరీతంగా వేశారు.