ఎత్తు నుంచి బాణం వేసేటప్పుడు నడుము దగ్గర వంగండి

బెంగళూరులో విలువిద్య సాధన చేస్తున్న మన తెలుగువాళ్లకు ఒక మాట. మంచె మీది నుంచి కింద ఉన్న ఫోము జింక బొమ్మకు గురిపెడితే బాణం తరచూ దాని వీపు మీదుగా దాటిపోతుంది. చాలామంది దూరం లెక్కను తప్పుపడతారు. కానీ 6 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే 20 మీటర్ల వాలు దూరంలో (కంటి నుంచి నేరుగా) ఉన్న బొమ్మకు సమతల దూరం, అంటే గురికి లెక్కలోకి వచ్చే నేల మీది దూరం, దాదాపు 19 మీటర్లు. తేడా ఒక్క మీటరే! అసలు చిక్కంతా భంగిమలో ఉంది. విల్లు పట్టిన చేతిని మాత్రమే కిందికి దించితే భుజాల వరుస చెదిరిపోతుంది, నారి ముఖానికి ఆనే చోటు మారిపోతుంది.

అందుకే ముందు నేలకు సమాంతరంగా నారి లాగండి. దవడ దగ్గర చేయి కుదిరాకే నడుము దగ్గర వంగండి. నడుము పైభాగమంతా ఒకే ముక్కగా కదలాలి. వాలు 30 డిగ్రీలకు చేరితే మాత్రం లెక్క తప్పనిసరి: 20 మీటర్లను 17గా భావించి గురిపెట్టాలి.

మంచె ఎక్కితే భుజాలకు, నడుముకు, తొడలకు భద్రతా పట్టీ ఉండాల్సిందే. అమెరికాలో అనుమతి పత్రంతో జింకల వేటకు వెళ్లే బంధువులకూ ఇదే పద్ధతి చెప్పండి. ఇక్కడ మాత్రం బొమ్మల మీదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం.