టెన్నిస్ రాకెట్‌కి స్ట్రింగ్ టెన్షన్ ఎంత పెట్టించాలి? ఎలా డిసైడ్ అవ్వాలి?

రాకెట్ గట్టింగ్‌కి, అంటే స్ట్రింగ్స్ వేయించడానికి ఇస్తే షాపతను మొదట అడిగేది టెన్షన్ ఎంత అని, అంటే స్ట్రింగ్స్ ఎన్ని పౌండ్ల బిగువుతో లాగి కట్టాలి అని. చాలామంది పక్క కోర్టులో బాగా ఆడే అన్న ఎంత పెట్టించుకుంటాడో అదే చెప్పేస్తారు, లేదంటే నాదల్ 55 పెట్టుకునేవాడంట కదా అని 55 అనేస్తారు. దయచేసి అలా చెయ్యకండి. టెన్షన్ మీ రాకెట్, మీ స్ట్రింగ్, మీ చెయ్యి ఈ మూడింటిని బట్టి ఉంటుంది. పాతరోజుల్లో స్వీడన్ ప్లేయర్ బోర్గ్ చెక్క రాకెట్‌కి 80 పౌండ్ల దాకా బిగించుకునేవాడు, గదిలో ఊరికే పెట్టిన రాకెట్ల స్ట్రింగ్స్ కూడా రాత్రిపూట వాటంతట అవే తెగిపోయేవంట. ఇప్పుడు ఫ్రాన్స్ ప్లేయర్ మనారినో 25 పౌండ్లకి కూడా తక్కువ పెట్టుకుని టాప్ 20లోకి వచ్చాడు. ఇద్దరూ గొప్పగా ఆడినవాళ్ళే, మరి ఎవరి నంబర్ కాపీ కొడతారు?

వారానికి రెండు మూడు సార్లు ఆడేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, మీరు అనుకుంటున్నదానికంటే కొంచెం తక్కువతో మొదలుపెట్టండి.

ఎక్కువ తక్కువల వల్ల ఏమవుతుంది

వదులైన నవారు మంచం మీద కూర్చుంటే లోపలికి దిగుతుంది చూడండి, టెన్షన్ తక్కువ ఉన్న స్ట్రింగ్ కూడా బాల్ తగలగానే అలాగే లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి నెడుతుంది, అందుకే పవర్ ఎక్కువ వస్తుంది. బిగుతుగా ఉంటే స్ట్రింగ్ అంతగా వంగదు, బదులుగా బాలే నొక్కుకుపోతుంది, బాల్ నొక్కుకుపోతే శక్తి చాలా వరకు అందులోనే పోతుంది కాబట్టి అదే స్వింగ్‌కి షాట్ కొంచెం ముందే పడుతుంది. జనం కంట్రోల్ అనేది దీన్నే. ఇంకో విషయం, వదులు స్ట్రింగ్ మీద నుంచి బాల్ కాస్త పైకి లేచి వెళ్తుంది. టెన్షన్ తగ్గించగానే బాల్స్ బేస్‌లైన్ దాటుతున్నాయంటే స్పీడ్ పెరగడం కంటే ఈ ఎత్తే ఎక్కువ కారణం.

మొదట రాకెట్ మీద రాసింది చూడండి

ఫ్రేమ్ లోపలివైపో గొంతు దగ్గరో చిన్న అక్షరాల్లో 50-60 ఎల్‌బీఎస్ (అంటే పౌండ్లు) అనో 23-27 కేజీలు అనో ఉంటుంది. అందులో మధ్యది తీసుకోండి, అంటే 55. ఇది మామూలు నైలాన్ స్ట్రింగ్‌కి స్టార్టింగ్ పాయింట్. పై నంబర్ మాత్రం దాటించొద్దు, ఫ్రేమ్ మీద లోడ్ పడుతుంది. హెడ్ సైజు 105, 110 చదరపు అంగుళాలు లాంటి పెద్ద రాకెట్ అయితే ఒకట్రెండు పౌండ్లు పైకి, స్ట్రింగ్ ప్యాటర్న్ 18 బై 20 (నిలువు 18, అడ్డం 20 స్ట్రింగ్స్) అయితే గళ్ళు దగ్గర దగ్గరగా ఉండి ముందే గట్టిగా ఉంటుంది కాబట్టి ఒకట్రెండు కిందికి.

తర్వాత ఏ స్ట్రింగ్ అనేది తేల్చుకోండి

అసలు తేడా అంతా ఇక్కడే ఉంది, ఎక్కువమంది పట్టించుకోనిదీ ఇదే. 1997లో బ్రెజిల్ ప్లేయర్ కుయెర్టెన్ పాలియెస్టర్ (పాలీ) స్ట్రింగ్‌తో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక ప్రొఫెషనల్స్ అంతా మెల్లగా పాలీ వైపు వెళ్ళారు, ఎందుకంటే ఎంత గట్టిగా ఊపినా బాల్ కోర్టులోనే పడుతుంది, స్పిన్ బాగా వస్తుంది. కానీ పాలీ గట్టి స్ట్రింగ్, దెబ్బ మొత్తం మోచేతికి వెళ్తుంది. దానికి నైలాన్ నంబరే పెట్టిస్తే చెయ్యి పాడవుతుంది. 55 పెట్టే రాకెట్‌కి పాలీ వేయిస్తే 48-50 దగ్గర ఆగండి, 45 అయినా పర్లేదు.

సింథటిక్ గట్, మల్టీఫిలమెంట్ (సన్నని పోగులు చాలా కలిపి చేసేది) లాంటి నైలాన్ రకాలు మెత్తగా ఉంటాయి, వీటికి మధ్య నంబర్ సరిపోతుంది. నేచురల్ గట్ ఆవు పేగు పొరలతో చేస్తారు, అన్నిటికంటే హాయిగా ఉంటుంది, టెన్షన్ కూడా ఎక్కువ కాలం నిలబడుతుంది, కానీ రేటు ఎక్కువ, తేమ పడదు, వైజాగ్ లాంటి సముద్రపు గాలి ఊళ్ళో జాగ్రత్తగా చూసుకోవాలి. రెండు రకాలు కలిపి హైబ్రిడ్ కూడా వేయించొచ్చు, ఫెదరర్ నిలువు స్ట్రింగ్స్ గట్, అడ్డం స్ట్రింగ్స్ పాలీ వాడేవాడు.

పిల్లల విషయం గట్టిగా చెప్తాను. పదీ పన్నెండేళ్ళ పిల్లల రాకెట్‌కి ఫుల్ పాలీ, అదీ 55లో వేయించడం చాలా తప్పు. వాళ్ళ స్వింగ్‌కి ఆ స్ట్రింగ్ అసలు కదలదు, స్పిన్ రాదు, ఎదిగే చేతికి నొప్పి మాత్రం వస్తుంది. మల్టీఫిలమెంట్ వేయించి 48-50 పెట్టించండి, స్ట్రింగ్స్ తరచుగా తెంపుతున్నారంటే అప్పుడు పాలీ గురించి ఆలోచిద్దాం.

షాపులో చెప్పేటప్పుడు

మన ఊళ్ళలో గట్టింగ్ చేసేవాళ్ళకి ఎక్కువ వచ్చేవి షటిల్ రాకెట్లే, వాటికి 24, 26 అంటే పౌండ్లు. టెన్నిస్‌లో కొందరు కేజీల్లో చెప్తారు, 24 కేజీలంటే దాదాపు 53 పౌండ్లు. ఊరికే "24 పెట్టన్నా" అంటే అతను ఏమనుకుంటాడో తెలీదు, కాబట్టి టెన్నిస్, ఇన్ని పౌండ్లు అని యూనిట్‌తో సహా చెప్పండి, వీలైతే చీటీ మీద రాసివ్వండి. మెషిన్ కూడా అడగండి. ఎలక్ట్రానిక్ మెషిన్ క్లాంప్ (స్ట్రింగ్‌ని కదలకుండా పట్టుకునే క్లిప్పు) వేసేదాకా లాగుతూనే ఉంటుంది, హ్యాండిల్ తిప్పే క్రాంక్ మెషిన్ ఆ నంబర్ రాగానే లాక్ అయిపోతుంది, దాంతో స్ట్రింగ్ కొంచెం సాగి అదే నంబర్ కాస్త వదులుగా వస్తుంది. అందుకే నంబర్ కుదిరే దాకా షాపు మార్చకపోవడం మంచిది.

ఆడి చూసి రెండేసి పౌండ్లు మార్చండి

మొదటి రోజే టెన్షన్ కొంత పడిపోతుంది, అది మామూలే, కాబట్టి రెండు మూడు సార్లు ఆడాకే ఒక అభిప్రాయానికి రండి. మంచి స్వింగ్‌తో కొట్టిన బాల్స్ కూడా పదేపదే బేస్‌లైన్ దాటుతుంటే తర్వాతసారి రెండు పౌండ్లు పెంచండి. బాల్ సర్వీస్ లైన్ దగ్గరే పడిపోతుంటే, ప్రతి షాట్‌కీ బలం పెట్టాల్సొస్తుంటే రెండు తగ్గించండి. మోచెయ్యి నొప్పి ఉంటే రెండుతో ఆగకుండా నాలుగైదు తగ్గించి స్ట్రింగ్ కూడా మెత్తనిదానికి మారండి, నొప్పి తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, టెన్షన్‌తో అన్నీ సెట్ అవ్వవు. ఒకేసారి స్ట్రింగూ టెన్షనూ రెండూ మారిస్తే దేనివల్ల తేడా వచ్చిందో తెలీదు, కాబట్టి నొప్పి లేనప్పుడు ఒక్కటే మార్చండి. ఫోన్‌లో తేదీ, స్ట్రింగ్ పేరు, టెన్షన్ రాసుకోండి.

మన ఎండలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో విజయవాడలో సాయంత్రం ఆడుతుంటే స్ట్రింగ్ మెత్తబడుతుంది, బాల్ కూడా బాగా ఎగురుతుంది, అప్పుడు రెండు పౌండ్లు ఎక్కువ ఉన్నా ఫర్వాలేదు. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో పొద్దున్నే ఆరింటికి ఆడేవాళ్ళు ఒకట్రెండు తగ్గించుకోవచ్చు. రాకెట్‌ని మాత్రం ఎండలో ఉన్న కారు డిక్కీలో వదిలెయ్యొద్దు, ఆ వేడికి టెన్షన్ బాగా పడిపోతుంది.

ఇక ఎప్పుడు మార్చాలి అంటే, వారానికి ఎన్ని సార్లు ఆడతారో ఏడాదికి అన్ని సార్లు గట్టింగ్ అని అందరూ చెప్పే లెక్క ఒకటుంది, నైలాన్‌కి అది సరిపోతుంది. పాలీకి సరిపోదు, తెగకుండా అలాగే ఉంటుంది గానీ లోపల జీవం పోతుంది. కొట్టాక పక్కకి జరిగిన నిలువు స్ట్రింగ్స్ వాటంతట అవి వెనక్కి రాకుండా అక్కడే ఉండిపోతుంటే, మునుపటి స్పిన్ రాకుండా బాల్ ఎటు పోతుందో తెలీకుండా ఉంటే, తెగేదాకా ఆగకుండా కోసేసి కొత్తది వేయించండి.