మెరవాల్సిన బండి మసకేస్తోందా? ముందు చేతిలో ఉన్న డబ్బా చూసుకోండి

పాలిష్, వ్యాక్స్ ఒకటే అనుకోవడం దగ్గరే సగం తంటా మొదలవుతుంది. పాలిష్ గీకుతుంది, పైపొరను సన్నగా అరగదీసి నునుపు తెస్తుంది. వ్యాక్స్ గీకదు, కప్పుతుంది. కప్పాల్సిన చోట గీకితే ఉన్న మెరుపు కూడా పోతుంది.

సమస్య: వ్యాక్స్ పూశాక తెల్లగా మరకలు, ఎంత తుడిచినా పోవడం లేదు

కారణం ఎండ. మన బెజవాడలో పొద్దున పదకొండు దాటితే బానెట్ మీద చెయ్యి ఆనదు. అంత వేడి రేకు మీద వ్యాక్స్‌లోని సాల్వెంట్ (మైనాన్ని మెత్తగా ఉంచే ద్రవం) చటుక్కున ఆవిరైపోయి, మైనం అక్కడే గట్టిగా పట్టేస్తుంది. ఎక్కువ పూస్తే ఎక్కువ మెరుస్తుందనే ఆశ దానికి తోడు.

బండిని నీడకు తెచ్చి రేకు చల్లారనివ్వండి. అదే వ్యాక్స్ మరక మీద మళ్లీ పలచగా రాసి వెంటనే తుడవండి. కొత్తదానిలోని సాల్వెంట్ పాతదాన్ని మెత్తబరుస్తుంది. ఇకముందు ఒక డోర్‌కి రూపాయి బిళ్లంత వ్యాక్స్ చాలు. మామూలు పేస్ట్ వ్యాక్స్ ఆరిందో లేదో వేలితో గీసి చూడండి. గీత కింద రేకు తళుక్కుమంటే తుడవొచ్చు, మసగ్గా అలుక్కుపోతే ఇంకాసేపు ఆగాలి.

నల్ల ప్లాస్టిక్ బంపర్‌కి వ్యాక్స్ తగిలి తెల్లబడిందా? సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్. అంతే.

సమస్య: కడిగి ఆరాక తెల్ల చుక్కలు

పక్కనే కృష్ణ పారుతున్నా, చాలా అపార్ట్‌మెంట్ల సెల్లార్‌లో బండి కడిగేది బోరు నీళ్లతోనే. నీళ్లు ఆవిరవుతాయి, అందులోని కాల్షియం, మెగ్నీషియం ఉండిపోతాయి. వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి, గుడ్డ తడిపి చుక్కల మీద ఒక్క నిమిషం ఉంచి, తుడిచి, మంచినీళ్లతో కడిగేయండి. ముందు ఏ మూలనో ప్రయత్నించి చూడండి. అయినా చుక్క నీడలా కనిపిస్తుంటే అది పెయింట్‌లోకి దిగిందని అర్థం. అప్పుడే పాలిష్ పని, ఆ తర్వాత వ్యాక్స్. గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగేవాళ్లు మాత్రం వ్యాక్స్‌ని చేతులారా వదిలించుకుంటున్నట్టే.

సమస్య: ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడు గీతలు

దుమ్ము మీద పొడిగుడ్డతో దులిపారు. వ్యాక్స్ ఈ గీతల్ని కొన్నాళ్లు దాస్తుంది, పోగొట్టదు. సన్నరకం పాలిష్ కావాలి. ఇంకా గరుకుగా అరగదీసే రబ్బింగ్ కాంపౌండ్‌కి అప్పుడే చెయ్యి చాచొద్దు. రంగు మీద ఉండే క్లియర్ కోట్ సాధారణంగా 40-50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యోవంతు), పాలిష్ పెట్టిన ప్రతిసారీ అందులో కాస్త తరుగుతుంది. ఆటోనగర్‌లో మిషన్‌తో చేయించినా "ఏ పాలిష్ వాడుతున్నావు తమ్ముడూ" అని అడగడంలో తప్పులేదు.

సమస్య: మెటల్ పాలిష్ కొట్టాక అల్లాయ్ వీల్స్ ఇంకా డల్ అయ్యాయి

ఇది నాకే జరిగింది. వాటర్ వాష్‌కిస్తే, అక్కడి కుర్రాడు పాపం మంచి మనసుతోనే, ఇత్తడి కుందులు తోమే పాలిష్‌తో చక్రాలు రుద్దేశాడు. తిరిగొచ్చేసరికి అద్దంలా ఉండాల్సిన చక్రం స్టీలు గ్లాసు మీద బూడిద రాసినట్టుంది.

చాలా అల్లాయ్ వీల్స్‌కి పైన పారదర్శకమైన లాకర్ పొర ఉంటుంది. మెటల్ పాలిష్ ఒట్టి లోహానికే. తేడా తెలుసుకోవాలంటే, లోపలివైపు ఎవరికీ కనపడని చోట తెల్ల గుడ్డతో కొంచెం పాలిష్ రుద్దండి. గుడ్డ నల్లబడితే ఒట్టి అల్యూమినియం, నిశ్చింతగా కొనసాగించండి. గుడ్డ తెల్లగానే ఉంటే పొర ఉందన్నమాట, అక్కడే ఆపేయండి. ఇప్పటికే డల్ అయినవాటికి పెయింట్‌కి వాడే సన్న పాలిష్, మీద వ్యాక్స్. నా చక్రాలు ముప్పావువంతు కోలుకున్నాయి.

సమస్య: బుల్లెట్ సైలెన్సర్ నీలంగా మారింది

అది మురికి కాదు, వేడికి క్రోమ్ తిరిగిన రంగు. మామూలు మెటల్ పాలిష్‌కి పూర్తిగా లొంగదు. దీనికని వేరే పేస్ట్ ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక వాడాలి. వేడి తగ్గదు కాబట్టి రంగు మళ్లీ వస్తుంది. వారం వారం రుద్దకండి, మెరుపు కోసం వేసే క్రోమ్ పొర సాధారణంగా మైక్రాన్ కంటే పలచన.

సమస్య: తెల్ల కారు మీద పూజ పసుపు మరక

ఇంద్రకీలాద్రి దగ్గర బండి పూజ చేయించుకొచ్చిన మర్నాటి టెన్షన్ ఇది. పాలిష్ జోలికి వెళ్లకండి. కార్ షాంపూతో కడిగి, మిగిలిన పచ్చదనాన్ని రెండుమూడు రోజులు ఎండకు వదిలేయండి. పసుపులోని కుర్‌కుమిన్ వెలుతురుకి తనంతట తానే విరిగిపోతుంది. కుంకుమకు అంత వ్యవధి ఇవ్వొద్దు, ఇంటికి రాగానే కడిగేయండి. పూజకు రెండు రోజుల ముందే వ్యాక్స్ వేయించి ఉంటే నీళ్లకే చాలావరకు జారిపోతుంది.