తాళాలు ముందే ఇచ్చేయకండి: ఇంగ్లండ్‌లో ఒంటరిగా ఉంటూ ఇల్లు పోయే స్థితిలో ఉన్నవారికి జాగ్రత్తలు

లండన్ శివారులో మన తెలుగాయన ఒకరు రాత్రిళ్లు కారులో పడుకుంటున్నారని ఈ మధ్య తెలిసింది. యాభై దాటిన మనిషి. బ్రిటిష్ పౌరసత్వం ఉంది, ఏళ్ల తరబడి ఇక్కడే ఉద్యోగం చేసి పన్నులు కట్టారు. విడాకుల తర్వాత ఒక చిన్న ఫ్లాట్‌లో అద్దెకు ఉండేవారు. యజమాని ఇల్లు అమ్ముతున్నానని నోటీసు ఇవ్వగానే, మాట పడటం ఎందుకని గడువు కూడా తీరకముందే తాళాలు ఆయన చేతిలో పెట్టి బయటకు వచ్చేశారు. కొన్నాళ్లు స్నేహితుల ఇళ్లలో సర్దుకున్నారు. అవీ అయిపోయాక కౌన్సిల్‌కు, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వ కార్యాలయానికి వెళితే, అక్కడి అధికారి మొదట అడిగిన ప్రశ్న, "ఆ ఇంటి నుంచి మిమ్మల్ని ఎవరు వెళ్లమన్నారు?" దానికి చూపించడానికి ఆయన దగ్గర కాగితం కూడా మిగల్లేదు.

చలికాలం వస్తోంది. 2024 శరదృతువులో ఒక్క రాత్రికి వేసిన అధికారిక అంచనాలో ఇంగ్లండ్‌లో ఆరుబయట పడుకున్నవారు 4,667 మంది. అంతకు ముందటి ఏడాది ఆ సంఖ్య 3,898. స్నేహితుల సోఫాల మీద తలదాచుకునేవారు ఈ లెక్కలోకి రానేరారు, మనవాళ్లలో ఎక్కువమంది ఉండేది ఆ సోఫాల మీదే. అద్దె సమయానికి కట్టండి, ఖర్చు తగ్గించుకోండి వంటివి మీకు తెలిసినవే. తెలియక మునిగిపోయే సంగతులు మాత్రమే రాస్తున్నాను.

ఆశ ఎంతవరకు పెట్టుకోవచ్చు

ఒంటరి మనిషికి కౌన్సిల్ ఇల్లు దొరికే అవకాశం చాలా తక్కువ. ఇంగ్లండ్‌లో సామాజిక గృహాల (కౌన్సిళ్లు, గృహ సంఘాలు తక్కువ అద్దెకు ఇచ్చే ఇళ్ల) కోసం 13 లక్షలకు పైగా కుటుంబాలు జాబితాల్లో ఉన్నాయి. ఒక పడకగది ఇళ్లు, స్టూడియోలు అసలే తక్కువ. ఒంటరివాళ్లు, పిల్లలు లేని జంటలు, పెద్ద ఇల్లు వదిలి చిన్నదానిలోకి మారదలచిన వృద్ధులు, అందరూ వాటికే పోటీ పడతారు. నిరాశ్రయులకు జాబితాలో తగిన ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం చెబుతుంది. అయినా పెద్ద ఆరోగ్య సమస్య లేని ఒంటరి మనిషి చాలా చోట్ల జాబితాలోని కింది శ్రేణిలోనే (బ్యాండ్ అంటారు) ఏళ్ల తరబడి, ఖాళీ అయిన ఇళ్లు తనకు కావాలని బిడ్లు వేస్తూ ఉండిపోతాడు. ఎవరైనా "నాకు తెలిసినవాళ్లున్నారు, ఫ్లాట్ ఇప్పిస్తాను" అని డబ్బు అడిగితే అది మోసం. అలాంటి దారి లేదు.

అలాగని కౌన్సిల్‌కు వెళ్లడం దండగ అనుకోకండి. 2017 నాటి నిరాశ్రయత తగ్గింపు చట్టం 2018 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం 56 రోజుల్లోగా ఇల్లు పోయేలా ఉన్న అర్హుడికి, పిల్లలు లేరనీ జబ్బు లేదనీ తిప్పి పంపకుండా, ఉన్న ఇల్లు నిలబెట్టడానికో మరొకటి వెతకడానికో కౌన్సిల్ సాయపడాలి. ఇల్లు పోయాక కూడా మరో 56 రోజులు కొత్త చోటు కోసం సాయం చేయాలి. ఆ సాయం చాలాసార్లు ప్రైవేటు గదికి డిపాజిట్ రూపంలోనో, యజమానితో మాట్లాడటంగానో, హాస్టల్లో చోటుగానో ఉంటుంది. ఒంటరి మనిషికి నిజంగా అందేది ఇదే. దీన్ని పోగొట్టుకోకుండా చూసుకోవడమే మీ పని.

ఆ రోజులు గడిచాక మీకు నివాసం చూపించే పూర్తి బాధ్యత కౌన్సిల్ మీద పడాలంటే "ప్రాధాన్య అవసరం" ఉందని తేలాలి. గర్భిణులు, పిల్లలున్నవారు, గృహహింస వల్ల ఇల్లు పోయినవారు, అగ్నిప్రమాదం, వరద వంటి విపత్తులో ఇల్లు కోల్పోయినవారు ఆ కోవలోకి వస్తారు. మిగతా ఒంటరివాళ్లు ముసలితనం వల్లనో, శారీరక లేదా మానసిక అనారోగ్యం వల్లనో తాము దుర్బలులమని చూపించాలి. ఎంత దుర్బలత కావాలో 2015లో హోటాక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ఇల్లు పోతే ఒక మామూలు మనిషి పడే బాధ కంటే మీకు జరిగే నష్టం చెప్పుకోదగినంత ఎక్కువగా ఉండాలి.

ముందే వెళ్లిపోవడం

అన్నిటికంటే ఎక్కువమందిని ముంచిన తప్పు ఇదే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను. నోటీసు వచ్చింది కదా అని ఇల్లు ఖాళీ చేయకండి.

నోటీసు గడువు తీరినంత మాత్రాన అద్దెదారుడిగా మీ హక్కు పోదు. యజమాని కోర్టుకు వెళ్లాలి, కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి, అప్పటికీ మీరు కదలకపోతే బెయిలిఫ్‌లు, అంటే ఉత్తర్వు అమలు చేసే కోర్టు సిబ్బంది రావాలి. ఈ మెట్లన్నీ దాటకుండా తాళం మార్చడం, సామాను బయట పెట్టడం 1977 నాటి చట్టం కింద నేరం. 2025 అక్టోబరులో ఆమోదం పొందిన అద్దెదారుల హక్కుల చట్టం, కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21కు 2026 మే 1తో తెర దించింది. ఇల్లు అమ్ముకుంటానంటే నాలుగు నెలల నోటీసు ఇవ్వాలి, అదీ మీరు చేరిన ఏడాది తీరకముందే ఖాళీ చేయించడం కుదరదు. చట్టం ఇన్ని రోజులు మీ చేతికి ఇస్తుంటే, ఒక్క సాయంత్రం మొహమాటానికి వాటిని వదిలేయడం నేను చూస్తూనే ఉన్నాను. యజమాని కూడా తెలుగువాడైతే మరీను. "అన్నా, ఇబ్బంది పెట్టకండి, మా వాళ్లు వస్తున్నారు" అనగానే మనకు ప్రాణం పోయినంత పని అవుతుంది. ఊళ్లో తెలిస్తే పరువు పోతుందని, గుడిలో, ఉగాది సభలో ఎదురుపడాలని, పెట్టె సర్దేస్తాం.

ఉండటానికి హక్కున్న ఇంటిని మీ అంతట మీరు వదిలేస్తే, చేజేతులా ఇల్లు పోగొట్టుకున్నారని కౌన్సిల్ నిర్ణయించవచ్చు. ఆ ముద్ర పడితే, మీకు గుండెజబ్బు ఉన్నా, మానసిక అనారోగ్యం ఉన్నా, పూర్తి బాధ్యత కౌన్సిల్ మీద ఉండదు. కొద్ది రోజుల తాత్కాలిక వసతి ఇచ్చి వదిలేయవచ్చు. ఇళ్ల జాబితాలోనూ మిమ్మల్ని కిందికి నెట్టే కౌన్సిళ్లు ఉన్నాయి. ప్రాధాన్య అవసరం లేనివారికి సైతం నష్టమే: పైకప్పు ఉండగా అందాల్సిన 56 రోజుల సాయం పోతుంది.

స్నేహితుడి ఇంట్లో నాలుగు నెలలు ఉండి, అక్కడి నుంచి కూడా పంపేశాక వెళితే పాత సంగతి అడగరని కొందరి నమ్మకం. అడుగుతారు. మీరు స్థిరంగా ఉన్న చివరి ఇల్లు ఏదో, దాన్ని ఎందుకు వదిలారో వెనక్కి తవ్వుకుంటూ వెళతారు. సోఫా మీద గడిపిన నెలలు ఆ ప్రశ్నను చెరిపేయవు.

తాళాలు ఎప్పుడు ఇవ్వాలి? బెయిలిఫ్ వచ్చినప్పుడు, లేదా ఇక అక్కడ ఉండనక్కర్లేదని కౌన్సిల్ లిఖితపూర్వకంగా చెప్పినప్పుడు. నోటిమాట చాలదు, ఈమెయిలు అయినా ఉండాలి. చివరిదాకా ఉంటే కోర్టు ఖర్చు మీ మీద పడవచ్చు, ఆ మాట దాచను. అందుకే కోర్టు ఉత్తర్వు తేదీ రాగానే "నన్ను ఇంకా ఉండమంటారా?" అని కౌన్సిల్‌ను రాతపూర్వకంగా అడగండి. ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా ఆ తేదీ దాటాక ఉండమనడం సమంజసం కాదనే అంటాయి.

మనవాళ్లలో ఎక్కువమందికి వర్తించే చిక్కు ఒకటుంది. యజమాని కుటుంబంతో ఒకే ఇంట్లో ఉంటూ వంటగది, స్నానాలగది పంచుకునేవారికి ఈ కోర్టు రక్షణ లేదు. తగినంత గడువు ఇచ్చి పొమ్మనవచ్చు, సాధారణంగా అద్దె ఎన్నాళ్లకోసారి కడతారో అంత గడువు. మీకైనా మాట అదే: గడువు తీరకముందు కదలకండి. ఖాళీ చేయమన్న సంగతి తేదీతో సహా రాయించుకోండి, వాట్సాప్ సందేశమైనా సరే. కౌన్సిల్ వాళ్లు ఆ యజమానికి ఫోన్ చేస్తారు. ఆయన "మేమేమీ అనలేదు, ఆయనే వెళ్లారు" అంటే మీ కథ అక్కడితో ముగుస్తుంది.

ఈ నియమానికి మినహాయింపు హింస. భర్తో, భార్యో, ఇంట్లో మరెవరో కొడుతుంటే, బెదిరిస్తుంటే, ఇప్పుడే బయటపడండి. అలాంటి ఇంట్లో ఉండటం సమంజసమని చట్టం అనదు. 2021 నుంచి గృహహింస వల్ల ఇల్లు పోయినవారికి పిల్లలు లేకపోయినా ప్రాధాన్యం ఉంది. జీవిత భాగస్వామి వీసా మీద వచ్చి హింస వల్ల విడిపోయినవారు మూడు నెలల పాటు ప్రభుత్వ సాయం పొందే ప్రత్యేక రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చు.

జబ్బు దాచడం

"ఆరోగ్యం ఎలా ఉంది?" అని అధికారి అడిగితే "బాగానే ఉంది" అనడం మనకు అలవాటు. అక్కడ ఆ ఒక్క మాటతో మీ తలుపు మూసుకుపోతుంది. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టుకోవాల్సిన మధుమేహం, ఫిట్లు, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు, వెన్నునొప్పికి వేసుకునే బలమైన మందులు, తాగుడు మానడానికి తీసుకుంటున్న చికిత్స, ఏదీ దాచకండి. జబ్బు పేరు చెబితే సరిపోదు. వీధిలో ఉంటే ఆ జబ్బు ఏమవుతుందో జీపీ (మీ స్థానిక కుటుంబ వైద్యుడు) ఉత్తరంలో ఉండాలి. "ఈయనకు మధుమేహం ఉంది" అన్న వాక్యానికి విలువ తక్కువ. "నిలకడైన చోటు, వేళకు తిండి లేకపోతే ఈయన స్పృహ తప్పే ప్రమాదం ఉంది, గత ఏడాది ఆస్పత్రిలో చేరారు" అన్నది పని చేస్తుంది. తెలుగు స్నేహితుణ్ణి అనువాదానికి తీసుకెళ్లవద్దు, నలుగురికీ తెలుస్తుందన్న భయంతో ఆయన ముందు జబ్బు దాచేస్తారు. కౌన్సిల్‌నే దుబాసీని ఏర్పాటు చేయమనండి.

ఇక మిగిలినవి, వరుస ఏమీ పెట్టుకోకుండా:

నోటీసు వచ్చిన వారంలోనే కౌన్సిల్‌కు వెళ్లండి. బెయిలిఫ్ తేదీ దాకా ఆగకండి.

ఇళ్ల జాబితాలో పేరుంటే నిరాశ్రయుడిగా దరఖాస్తు చేసినట్టు కాదు. అవి రెండూ వేరు. "నిరాశ్రయుడిగా దరఖాస్తు చేస్తున్నాను" అని స్పష్టంగా అనండి, అని ఊరుకోకుండా ఈమెయిల్‌లో రాయండి.

కౌంటర్ దగ్గరే "ఒంటరివాళ్లకు ఏమీ లేదు" అని పంపేస్తే కదలకండి. నిర్ణయం రాతలో అడగండి. రాతలో ఇవ్వడం వారి బాధ్యత.

నిర్ణయం నచ్చకపోతే పునస్సమీక్ష కోరడానికి 21 రోజులే. ఉత్తరం తెరిచిన రోజే తేదీ రాసుకోండి.

మీరు నిరాశ్రయులై, ప్రాధాన్య అవసరం ఉన్నట్టు నమ్మడానికి కారణం కనిపిస్తే చాలు, విచారణ పూర్తయ్యేదాకా తాత్కాలిక వసతి ఇవ్వాలి. పూర్తి రుజువు అప్పుడే అక్కర్లేదు. ఈ మాట మర్యాదగా, గట్టిగా చెప్పండి.

ఇచ్చిన వసతి నచ్చలేదని తిరస్కరించి రాకండి. దూరమైనా, ఇరుకైనా చేరండి, చేరాకే తగదని పునస్సమీక్ష అడగండి. తిరస్కరిస్తే కౌన్సిల్ బాధ్యత అక్కడితో తీరిపోవచ్చు.

స్నేహితుడున్నాడని ఊరు మారకండి. గత 12 నెలల్లో 6 నెలలు, లేదా గత 5 ఏళ్లలో 3 ఏళ్లు ఉన్న చోటే మీకు స్థానిక సంబంధం. ఉద్యోగం, దగ్గరి బంధువులు ఉన్నా చెల్లుతుంది.

స్కాట్లాండ్‌లో 2012 చివరి నుంచి ఈ ప్రాధాన్య పరీక్ష లేదన్నది నిజమే. కానీ గ్లాస్గో, ఎడిన్‌బరా 2023 నవంబరులోనే ఇళ్లు చాలడం లేదని గృహ అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. ఎవరో చెప్పారని బస్సెక్కకండి.

35 ఏళ్లు నిండని ఒంటరివారికి ప్రైవేటు అద్దె సాయం సాధారణంగా షేరింగ్ గది రేటుకే వస్తుంది. దాన్ని బట్టే వెతకండి.

తక్కువ ఆదాయం ఉన్నవారికి, ఉద్యోగం లేనివారికి ప్రభుత్వం ఇచ్చే భత్యం యూనివర్సల్ క్రెడిట్. దాని మొదటి చెల్లింపుకు అయిదు వారాలు. ఉద్యోగం పోయిన రోజే పెట్టండి, ముందస్తు మొత్తం కావాలంటే అడగండి.

55 లేదా 60 దాటారా? వృద్ధుల కోసమే కేటాయించిన షెల్టర్డ్ ఇళ్ల గురించి విడిగా అడగండి. ఒంటరివాళ్లకు అక్కడ నిరీక్షణ తక్కువగా ఉండే ఊళ్లు చాలా ఉన్నాయి. వాటి గురించి అడిగే మనవాళ్లు అరుదు.

ఆస్పత్రిలో ఉంటే, వెళ్లడానికి ఇల్లు లేదని డిశ్చార్జికి ముందే చెప్పండి. మీరు ఒప్పుకుంటే వారు కౌన్సిల్‌కు తెలియజేయాలి.

స్నేహితుడితో దొంగ నోటీసు రాయించకండి. పట్టుబడితే సాయమూ పోతుంది, అది నేరం కూడా.

"పరస్పర అంగీకారంతో ఖాళీ చేస్తున్నాను" అన్న కాగితం మీద సంతకం పెట్టకండి. డిపాజిట్ వెంటనే ఇస్తానన్నా పెట్టకండి. అది తాళాలు ఇచ్చేయడంతో సమానం.

విద్యార్థి వీసా, ఉద్యోగ వీసా మీద ఉన్నారా? మీ కార్డులోనో ఈవీసాలోనో ప్రభుత్వ నిధులకు అర్హత లేదని ఉంటే కౌన్సిల్ ఇల్లు, నిరాశ్రయుల వసతి ఆ నిధుల కిందికే వస్తాయి. దరఖాస్తు పెడితే వీసాకే ముప్పు. ముందు షెల్టర్, సిటిజన్స్ అడ్వైస్ వంటి ఉచిత సలహా ఇచ్చే స్వచ్ఛంద సంస్థలతో మాట్లాడండి. సలహా తీసుకోవడం నిధులు తీసుకోవడం కాదు. కౌన్సిల్ కూడా సలహా, సమాచారం ఎవరికైనా ఉచితంగా ఇవ్వాలి.

ఈ రాత్రికే చోటు లేకపోతే కౌన్సిల్ రాత్రి నంబరుకు ఫోన్ చేయండి. కారులోనో ఆరుబయటో ఉంటే ఎక్కడున్నారో స్ట్రీట్‌లింక్‌లో (ఆరుబయట పడుకునేవారి సమాచారం స్థానిక సహాయ బృందాలకు చేరవేసే వెబ్‌సైట్‌లో) నమోదు చేయండి, మీ తరఫున మరొకరు చేసినా సరే. ఉష్ణోగ్రత సున్నాకు పడిపోతుందని తెలిస్తే చాలా కౌన్సిళ్లు తీవ్ర చలి వసతి తెరుస్తాయి. ఆ రాత్రులకు ప్రాధాన్య అవసరం పరీక్ష పెట్టరు, వీసా చూడకుండా తీసుకునే చోట్లూ ఉన్నాయి. తెరిచారో లేదో మధ్యాహ్నమే కనుక్కోండి, చీకటి పడ్డాక పడకలు నిండిపోతాయి.