హైదరాబాద్–ఢిల్లీ విమాన దూరం ఎక్సెల్‌లో తప్పుగా వస్తుంటే

కొసైన్ సూత్రం (భూగోళం మీద రెండు చోట్ల మధ్య దూరం లెక్కగట్టేది) సరిగ్గానే ఉన్నా దూరం వేల కిలోమీటర్లు తేడా కొడుతుంటే ముందు చూడాల్సింది ఒకటే: ఎక్సెల్ సైన్, కొసైన్‌లు డిగ్రీలు తీసుకోవు, కోణానికి మరో కొలత అయిన రేడియన్లే తీసుకుంటాయి. అక్షాంశ రేఖాంశాలన్నిటినీ రేడియన్స్ ఫంక్షన్‌లో పెట్టి, సూత్రం ఇచ్చిన కోణాన్ని భూమి సగటు వ్యాసార్ధం 6371 కి.మీ.తో గుణించాను. శంషాబాద్ (17.24, 78.43) నుంచి ఢిల్లీ (28.56, 77.10)కి దాదాపు 1266 కి.మీ. వచ్చింది.

17 డిగ్రీల 14 నిమిషాలను 17.14 అని కొట్టేవాళ్లూ ఉన్నారు. 14ని 60తో భాగించాలి, అంటే 17.23. లేదంటే విమానాశ్రయం పది కిలోమీటర్లు దక్షిణానికి జరుగుతుంది!

ప్రయాణ సమయానికి ఆ దూరాన్ని గంటకు 830 కి.మీ. వేగంతో భాగిస్తే 1.53 గంటలు. అంటే గంటా 53 నిమిషాలు కాదు, గంటా 32. రన్‌వేకి వెళ్లడం, పైకెక్కడం, దిగడం కోసం ఇంకో అరగంటైనా కలపండి. దుబాయ్‌కైతే టికెట్ మీద ఉండేవి స్థానిక సమయాలు, గంటన్నర తేడా సర్దాలి.