హర్మట్టాన్ గాలి మొదలయ్యేలోపు: లస్సా జ్వరం జాగ్రత్తలు

నవంబరు వచ్చిందంటే నైజీరియాలో వానలు తగ్గి, సహారా వైపు నుంచి హర్మట్టాన్ దుమ్ముగాలి మొదలవుతుంది. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లకు ఆ గాలి అలవాటే. ఆ నెలల్లోనే, ఎలుకల ద్వారా వచ్చే లస్సా అనే వైరస్ జ్వరాలు పెరుగుతాయని మాత్రం కొత్తగా వెళ్లినవాళ్లకు ఎవరూ చెప్పరు. ఏప్రిల్ దాకా ఈ భయం ఉంటుంది. ఎడో, ఓండో, బౌచీ, తరాబా, ఎబోన్యీ రాష్ట్రాల్లో ఉండేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

1969లో బోర్నో రాష్ట్రంలోని లస్సా అనే ఊళ్లో బయటపడింది కాబట్టి ఆ పేరు. వైరస్‌ను మోసేది మాస్టోమిస్ జాతి ఎలుక. దాని మూత్రంలో, పెంటికల్లో వైరస్ ఉంటుంది. బయట తిండి తగ్గే ఎండు నెలల్లో అది ఇళ్లలోకి దూరుతుంది.

అందుకే ముందు వంటగది చూసుకోండి. బియ్యం బస్తా మూతి మడిచి ఓ మూలన పెట్టడం మనకు అలవాటు. అక్కడ అలా వద్దు. బియ్యం, పప్పులు అన్నీ గట్టి మూత ఉన్న డబ్బాల్లో పోసుకోండి. ఎలుక కొరికిన సంచిలోది కడిగి వండుకుందామనుకోకండి, పారేయండి. కర్రపెండలంతో చేసే గరిని చాలామంది చల్లటి నీళ్లలో కలుపుకుని తింటారు. రోడ్డు పక్కన ఆరబోసిన గరి మీద ఎలుకలు తిరిగే అవకాశం ఉంది, దాన్ని కొనకండి. చెత్తబుట్టకు మూత ఉండాలి. గోడల్లో, తలుపుల కింద కన్నాలు పూడ్పించండి.

పెంటికలు కనిపిస్తే చీపురు పట్టకండి. ఊడిస్తే ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. గ్లవ్స్ వేసుకుని, బ్లీచింగ్ నీళ్లు చల్లి, కాసేపు నాననిచ్చి, తడిగుడ్డతో తీయండి. చచ్చిన ఎలుకనూ వట్టి చేత్తో ముట్టుకోవద్దు.

నాకు ఎక్కువ టెన్షన్ కలిగించేది మాత్రం మలేరియా బిళ్లల సంగతి. అక్కడ ఒళ్లు వెచ్చబడగానే మలేరియా అనుకుని మందు మింగేస్తారు. లస్సా కూడా మొదట్లో అలాగే ఉంటుంది: జ్వరం, నీరసం, తలనొప్పి, తర్వాత గొంతునొప్పి, ఛాతీనొప్పి, వాంతులు. నూటికి ఎనభై మందికి తేలిగ్గానే పోతుంది. మిగతావాళ్లలో ముఖం వాచడం, నోటి నుంచో ముక్కు నుంచో రక్తం రావడం దాకా వెళ్లొచ్చు. బతికి బయటపడ్డవాళ్లలోనూ నలుగురిలో ఒకరికి వినికిడి దెబ్బతింటుంది. నెలలు నిండుతున్న గర్భిణులకు ఇది చాలా ప్రమాదం. రిబావిరిన్ అనే మందు ఇస్తారు, అది ఎంతవరకు పనిచేస్తుందో పూర్తిగా తేలలేదు గానీ, చికిత్స తొలిరోజుల్లోనే మొదలవ్వాలి. కాబట్టి మలేరియా మందు వేసుకున్నా రెండు రోజుల్లో తగ్గకపోతే, లస్సా టెస్టు చేయమని మీరే అడగండి. ఇంకా ఆమోదం పొందిన టీకా లేదు.

రోగి పక్కన కూర్చుంటే, చేయి కలిపితే ఇది అంటుకోదు. రక్తం, మూత్రం, వాంతి లాంటి ఒంటి ద్రవాలు తగిలితేనే ప్రమాదం. సేవ చేసేవాళ్లు గ్లవ్స్ లేకుండా వాటిని శుభ్రం చేయకూడదు.

సంక్రాంతి సరిగ్గా ఈ సీజన్ మధ్యలోనే వస్తుంది. పండక్కి ఇంటికి వచ్చాక మూడు వారాల్లోపు జ్వరం వస్తే, డాక్టరు అడిగేదాకా ఆగకుండా నైజీరియా నుంచి వచ్చానని మొదటి మాటగా చెప్పండి.